చావింటి వాయిదా

ఎలీషా శవం ఇంకా ముంగిట్లో ఉండగానే అప్పుల కంపెనీ గోపీచంద్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు మంగళవారం, అప్పు వాయిదా కట్టే రోజు. అరవలేదు, తిట్టలేదు. కట్టేదాకా కదల్లేదు, అంతే. శవపెట్టె కొనడానికి చర్చివాళ్ళు పోగుచేసిన డబ్బులోంచి తీసి ఇచ్చింది పెర్సిస్. అతను వెళ్ళాకే వచ్చి మొగుడి తల దగ్గర కూర్చుంది.

రెండేళ్ళ తర్వాత ప్రభుత్వం అప్పుల కంపెనీల మీద కొత్త చట్టానికి ముసాయిదా తయారుచేసింది. అందులో ఒక మాట రాశారు: చావు జరిగిన ఇంటికి వసూలుకు వెళ్ళకూడదు. కంపెనీలకు ఒళ్ళు మండింది. అన్నీ కలిసి సంఘం పెట్టుకుని మంత్రుల గుమ్మాల చుట్టూ తిరిగాయి. అప్పు తీసుకున్న ఆడవాళ్ళకే ఈ చట్టం వద్దండీ అన్నాయి. అయితే వాళ్ళనే అడుగుతాం అంది ప్రభుత్వం. ఆడవాళ్ళను తీసుకొచ్చే పని మాత్రం కంపెనీలకే అప్పగించింది.

అలా ముదినేపల్లి పక్క పల్లెల నుంచి ఏలూరుకి బస్సు కదిలింది.

“ఎక్కువేం మాట్లాడక్కర్లేదండీ” అన్నాడు గోపీచంద్ పెర్సిస్‌తో. “ఈ చట్టం మాకొద్దు అనండి, చాలు. మీరు సెంటర్ లీడరు, మీ ఊరి అప్పు గ్రూపులకి పెద్ద, ఒక్క వాయిదా తప్పలేదు. మీ మాటకి విలువండీ.”

“అలాగేనండీ.”

అతను ముందు సీటుకి వెళ్ళగానే పక్కింటి కనకమ్మ గిల్లింది. “నిజంగా ఆ మాటే అంటావా ఏంటే?”

“మైకు చేతికి రానీ పిన్నీ. మా ఆయన శవం దగ్గర ఎవరొచ్చి కూర్చున్నారో చెప్తాను. ఆ ఒక్క మాట చట్టంలోంచి పోకూడదు.”

“చెప్పు తల్లీ. బిర్యానీ పొట్లాలు పంచాక చెప్పు. ముందే చెబితే అదీ ఎగ్గొడతాడు.”

చేపల చెరువుల గట్లు దాటి, ఏలూరు పక్కనే వట్లూరులో ఒక కల్యాణమండపం ముందు దింపారు. వేదిక మీద ఆఫీసర్లు, వాళ్ళ పక్కనే కంపెనీల సంఘం పెద్దలు. ఎవరు ఎవరో తెలియలేదు.

పొట్లాలు పంచారు. తిన్నారు. పెర్సిస్ పేరు పిలిచారు.

“భయం లేకుండా చెప్పండమ్మా” అన్నాడు పెద్దాఫీసరు.

పెర్సిస్ మైకు పట్టుకుంది. ఎదురుగా బల్ల, బల్ల వెనక చొక్కా టక్కు చేసుకున్న మనిషి. ప్రతి మంగళవారం చూసేదే. కుడిచెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. నోరు తెరిచింది.

“దేవుని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాం. వాయిదా రోజున వేళకి వస్తాం.”

వారం వారం మీటింగు మొదట్లో కంపెనీ చెప్పించే ప్రమాణం అది. వెనక కుర్చీలు కదిలాయి. ఆడవాళ్ళందరూ లేచి చేతులు చాచారు. “ఒకరు కట్టలేకపోతే మిగిలినవాళ్ళం కడతాం. ఇంట్లో ఏ కష్టం వచ్చినా వాయిదా ఆపం.”

ప్రమాణం అయిపోతే కూర్చోవాలి. పెర్సిస్ కూర్చుంది.

“ఎంత క్రమశిక్షణండీ!” అని ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. మైకు ఇంకొకరికి పోయింది.

తిరుగు బస్సులో కనకమ్మ మళ్ళీ గిల్లింది. “చెప్తానన్నావు కదే.”

“నోట్లో అదే ఉంది పిన్నీ.”

చట్టం వచ్చింది. చావింటి మాట అందులో లేదు. మహిళలే అక్కర్లేదన్నారని పేపర్లో వేశారు.

వానల్లో ఒక మంగళవారం పొద్దున్నే స్టెల్లా అత్తగారు పోయింది. స్టెల్లాదీ పెర్సిస్ అప్పు గ్రూపే. కబురు తెలిసి పెర్సిస్ చావింటికి వెళ్ళలేదు. గ్రూపులో వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగింది, స్టెల్లా వాయిదా తలా కొంచెం వేయించింది, వెళ్ళి సందు మొదట్లో నిలబడింది. గోపీచంద్ బండి రాగానే అడ్డం వెళ్ళింది.

“ఇదుగోండి స్టెల్లా వాయిదా. లోపలికి వెళ్ళకండి.”

అతను లెక్కపెట్టుకున్నాడు. “మీలాంటివాళ్ళుంటే చట్టాలెందుకండీ!” అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

బండి వెనక్కి తిరిగింది. చావింట్లో పాటలు మొదలయ్యాయి. పెర్సిస్ చాచిన చెయ్యి దించుకుని అటు నడిచింది.