చుక్కల గీతల గది

సునీల్ హిందీ ప్రాంతంలోని సిల్తారాలో ఓ ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొద్దున లేస్తే డ్రాయింగులతోనే పని. వాళ్లక్క గ్లోరీ నర్సు. ఈసీజీలో గీత కాస్త వంకర పోయినా ఇట్టే పసిగట్టే మనిషి, ఇంటి నక్షా ముందు మాత్రం బిక్కమొహం వేసింది.

అభన్‌పూర్ దగ్గరి స్థలం ఆవిడ పేరు మీదే ఉంది. పెళ్లి మానుకుని తమ్ముణ్ణి చదివించాక ఆవిడకు మిగిలింది అదొక్కటే. ఇల్లు కడతాను, స్థలం నా పేరున రాయమన్నాడు సునీల్. వచ్చే నెల రిటైరైతే ఆవిడ ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

"మరి నాకో గది ఉంటదా తమ్ముడూ?"

"ఎందుకుండదక్కా! ఇదిగో, నక్షా చూడు." ఇంటి వెనక, గోడకు ఎడంగా ఉన్న గడి మీద వేలు పెట్టాడు. "సెపరేట్‌గా, ఎవరి గోలా లేకుండా."

"మిగతావాటికి నిండు గీతలున్నాయి. దీనికి చుక్కలు పెట్టారేంటి?"

"అది ఆఖర్న కడతారు, అందుకని. టెన్షన్ మత్ లో అక్కా, నేనున్నాగా."

అతని భార్య నీలిమ గబగబా వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. భూమిలో పూడ్చేవాటికి చుక్కల గీతలు వేస్తారని మొగుడు ఆమెకు ముందే చెప్పాడు. ఆ గడి సెప్టిక్ ట్యాంకు.

గ్లోరీ కళ్లద్దాలు సర్దుకుని, గడికి తూర్పు వైపు పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది.

"ఇక్కడ కిటికీ పెట్టించరా. పొద్దుటెండలో బైబిల్ చదువుకుంటా."

"పక్కా," అన్నాడు ఆ పుణ్యాత్ముడు. ఆ వారమే రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్లి సంతకం పెట్టించుకున్నాడు.

పునాది ప్రార్థన రోజున గ్లోరీ కిటికీ కర్టెనుకని నీలం గుడ్డ కొనుక్కుని మరీ వచ్చింది. ప్రార్థన అయ్యాక ఇంటి వెనక్కి వెళ్లి గోతిలోకి తొంగిచూసింది. నా గదికి ఇంత లోతు పునాదా అని మేస్త్రీని హిందీలో అడిగింది.

"కమరా? నహీ దీదీ, యే తో లెట్రిన్ కీ టంకీ హై."

గది కాదు, లెట్రిన్ ట్యాంకు. గ్లోరీ సునీల్ వైపు తిరిగింది. "ఇదేంట్రా తమ్ముడూ?"

"నక్షా చూశాకే కదా సంతకం పెట్టావు? నీకు చదవడం రాకపోతే నేనేం చెయ్యను?"

"వదినగారికి తూర్పు కిటికీ కూడా కావాలంట!" నీలిమ ఈసారి నవ్వు దాచుకోలేదు. వచ్చిన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"హాల్లో చాపేసుకో. ఎవరొద్దన్నారు?" అంటూ సునీల్ నక్షా, రబ్బరు ఆవిడ చేతిలో పెట్టాడు. "ముందు ఆ పెన్సిల్ గుర్తు చెరిపెయ్ అక్కా. బ్యాంకుకి కాపీ ఇవ్వాలి."

వద్దంటే ఆ చాప కూడా ఉండదని గ్లోరీకి తెలిసిపోయింది. గోతి గట్టు మీదే కూర్చుని, ఒళ్లోని బైబిల్ మీద నక్షా పరుచుకుని, కాగితం చిరగకుండా తన కిటికీని చెరిపేసింది.