ఎండ నెత్తికెక్కాక

సందు చివర ఆమెదొక చిన్న ఫొటో స్టూడియో. పొద్దస్తమానం పాస్‌పోర్టు ఫొటోలే. "గడ్డం కాస్త దించండి, కళ్లు ఆర్పకండి" అని చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. మనసు మాత్రం కొండమీది సరస్సు దగ్గరే ఉండేది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిలిచి ఏర్పడిన సరస్సు అది. తెల్లవారుజామున దానిమీద మంచు లేస్తుంటే ఒక్క ఫొటో తీయాలని ఆమె కోరిక. కొండ అంచులు విరిగిపడుతున్నాయని, సోమవారం నుంచి దారి మూసేస్తున్నారని పేపర్లో పడేసరికి ఇక ఆగలేకపోయింది. తెల్లవారేలోపు కొండమీదికి చేర్చే బస్సులుండవు. భర్తను బతిమాలింది.

"ఆదివారం చీకటితోనే బయల్దేరదాం. నాదీ పూచీ," అన్నాడాయన.

ఆదివారం ఆమె చీకట్లోనే లేచి, కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన ముసుగు తియ్యలేదు. ఎట్టకేలకు లేచి, తీరిగ్గా కారు కడిగాడు. దారిలో టీకొట్టు దగ్గర పాత స్నేహితుడు కనపడితే లోకంలోని సంగతులన్నీ మాట్లాడాడు. కారు కొండెక్కేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

మంచు లేదు, నీడ లేదు. సరస్సు రేకుముక్కలా కళ్లలో పొడుస్తోంది. నల్లరాళ్లు పెనంలా కాలుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"వెలుతురు, వెలుతురని ప్రాణం తోడేశావుగా! ఇంతకన్నా వెలుతురు ఎక్కడ దొరుకుతుంది?" అని తన జోకుకు తనే నవ్వుకుని, ఆయన కారులో ఏసీ వేసుకుని పడుకున్నాడు.

ఒట్టి చేతులతో దిగిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. రంగులొద్దనుకుని కెమెరాను నలుపు తెలుపుకు మార్చింది. లోపలికొచ్చే వెలుతురు బాగా తగ్గించింది. రాతిగోడలు బొగ్గులా నల్లబడ్డాయి. నడుమ నీళ్లు పువ్వేసిన గుడ్డి కన్నులా తెల్లగా ఆకాశంలోకి చూస్తున్నాయి. మెడ కమిలిపోయేదాకా కసిగా తీస్తూనే ఉంది.

ఆ ఫొటో ఒక పెద్ద ప్రదర్శనకు ఎంపికైంది. పేరున్న ఫొటోగ్రాఫర్ ఒకాయన దాని ముందు చాలాసేపు నిలబడి అడిగాడు.

"అందరూ పొద్దున్నో సాయంత్రమో వెళ్తారు. ఆ ఎండలో తీయాలని ఎలా తోచిందమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు.

"అదంతా నా చలవేనండీ! నేను ఆలస్యం చేయబట్టి గానీ, ఈవిడ మాట వినుంటే అందరిలాగే మంచు ఫొటో తెచ్చుండేది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అందులో అబద్ధం లేకపోవడమే ఆమె ఒళ్లు మండించింది.

అప్పట్నుంచి ఇంటికెవరొచ్చినా ఆయన అదే కథ. చెప్పినకొద్దీ అది పెరిగింది. "ఎండ ముదరాలని కావాలనే ఆగాను" అనేదాకా వచ్చింది.

"అన్నయ్య బుర్రే బుర్ర! ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు వదినా?" అంది ఆడపడుచు మురిసిపోతూ.

"ఎవరికీ దొరక్కూడదు," అంది ఆమె, టీ కప్పులు ఏరుకుంటూ.

అలాంటి మొగుడు తనకొక్కదానికే ఉండాలంటోంది కాబోలనుకుని అందరూ ముచ్చటపడ్డారు.