అమ్మ గది బెల్లు

పాత ఇళ్ళ గోడలు పగలగొట్టేవాళ్ళకు దొరకని వస్తువంటూ ఉండదు. తాపీ మేస్త్రీని కదిపితే చాలు, ఏకరువు పెడతాడు. ఒక ఇంట్లో అటక వెనక కట్టుడు పళ్ళ సెట్టు దొరికిందట. "అది చూసి ఆ ఇంటావిడ ఏమందో తెలుసా బావా? అయ్యో రాత, మా ఆయన పోయేదాకా జావే తాగాడే అని లబోదిబోమంది!" అని చెప్పి, ఎవరూ నవ్వకముందే తనే పగలబడి నవ్వుతాడు. పేరులోనే తాపీ ఉంది కాబట్టి పని కూడా తాపీగానే సాగుతుంది. కబుర్లు మాత్రం మహా జోరు.

అతనితో జతగా వచ్చే కరెంటు పనివాడు మితభాషి అనుకుంటే పొరపాటే. అతని నోట్లో నువ్వుగింజ నానదు. అన్యాయం కంటపడితే ఒళ్ళు మండుతుంది, మండిందంటే ఎదుట ఉన్నది ఎవరన్నది చూడడు. ఆ గుణం వల్ల ఎన్ని ఇళ్ళలో పని పోయిందో అతని భార్యను అడగాలి.

ఈ ఇంట్లో మొదటిరోజే అతనికి ఒళ్ళు మండింది. ఇంటాయన రిటైరైన మనిషి, నలగని చొక్కా. పాత వైర్లన్నీ పీకి కొత్తవి వేయాలని గది గదీ తిప్పి చూపిస్తూ వీధివైపు గది గుమ్మంలో ఆగాడు.

"ఇది మా అమ్మ గది. ఇకమీద మా అబ్బాయికి. కొన్నేళ్ళ కిందట అమ్మకు పక్షవాతమొచ్చి మాటా, కుడిచెయ్యీ పడిపోతే, ఎడమచేతికి అందేట్టు మంచానికి బెల్లు స్విచ్చి కట్టించాం. బెల్లేమో వంటింటి గుమ్మం మీద. మా చెల్లెలు అక్కడే పడుకునేది. అమ్మ పోయిన రాత్రి నొక్కీ నొక్కీ, మంచం మీంచి కిందపడి, స్విచ్చి చేత్తో పట్టుకునే ప్రాణం వదిలింది పాపం. ఈవిడగారు లేస్తేగా! మొద్దునిద్ర."

ఆ ఈవిడగారు అక్కడే ఉంది, టీ గ్లాసులు పెట్టిన పళ్ళెం పట్టుకుని. చుట్టాలందరూ ఇప్పుడావిడను పిలిచేది మొద్దునిద్ర అనే. తల్లి మంచం పట్టిన నాటినుంచి ఎత్తి దించి, కడిగి తుడిచి, చెంచాతో తినిపించి బతికించింది ఈవిడే. అవేవీ ఎవరికీ గుర్తులేవు, ఆ ఒక్క రాత్రి తప్ప. ఆవిడ తల వంచుకుని గ్లాసులు అందించింది. తల్లి పోయాక ఆవిడ పడుకోవడమే మానేసిందనీ, వంటింట్లో కుర్చీలో కూర్చుని కునుకు తీస్తుందనీ పనివాళ్ళకు తర్వాత తెలిసింది.

"మరి అక్క గది ఏది సార్? స్విచ్చిలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి కదా," అన్నాడు కరెంటు పనివాడు.

"మెట్ల కింద సామాన్ల కొట్టు ఉందిగా. ఒక బల్బు చాలు. తనకు ఏ గదైతేనేం, నిద్రపోవడానికేగా!"

ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! కరెంటు పనివాడు పళ్ళు కొరుక్కుంటూ టీ తాగాడు.

పని మొదలయ్యాక ఒకనాటి మధ్యాహ్నం నడవాలో, ఇంటాయన గది తలుపు పైన, మేస్త్రీ ఉలి పెట్టి కొడుతుంటే గోడ డొల్లగా పలికింది. పెచ్చు ఊడగొడితే లోపల పాతకాలపు వైర్ల డబ్బా. మూతి సిమెంటుతో మూసేసి పైన సున్నం కొట్టి ఉంది. సిమెంటు గీకి చూస్తే వైరు అడ్డంగా తెంపి ఉంది. ఒక కొస అమ్మ గది నుంచి వచ్చింది, ఇంకోటి వంటింటి బెల్లుకు పోతోంది. రెండూ పొరపాటున కూడా తగలకుండా దేనికదే విడిగా తెల్ల టేపు చుట్టి ఉంది. కరెంటు పనికి వాడే నల్ల టేపు కాదది. పుండుకు గుడ్డ కట్టి పైన అంటించే ఆస్పత్రి టేపు.

కరెంటు పనివాడు రెండు కొసలూ పట్టి చూశాడు. ఆ తల్లి వెయ్యిసార్లు నొక్కినా వంటింట్లో బెల్లు మోగేదే కాదు. మోగని బెల్లుకు ఎవరు లేస్తారు? ఇన్నేళ్ళుగా ఆవిడ నెత్తిన మోపిన నింద ఒట్టిదన్నమాట.

"ఇంటిగుట్టు మనకెందుకు బావా, పూసేద్దాం," అన్నాడు మేస్త్రీ, మొదటిసారి నవ్వకుండా.

వింటాడా? నిచ్చెన దిగి సరాసరి ఇంటాయనను చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చాడు. ఆయన తలెత్తి డబ్బా వైపు చూశాడు.

"ఎలుకలు కొరికి ఉంటాయి."

"కొరికి, టేపు చుట్టి, సిమెంటు కూడా పూశాయా సార్? మీ ఇంటి ఎలుకలను మాకిప్పించండి, పనిలో పెట్టుకుంటాం."

ఆయన మొహం మాడిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ చలికాలం నా బాధ నీకేం తెలుసయ్యా? దాహమైతే బెల్లు, దుప్పటి జారితే బెల్లు, ఏమీ లేకపోయినా బెల్లు. అప్పటికింకా నాది ఉద్యోగం, పొద్దున్నే పోవద్దూ? చెల్లెలికీ కాస్త నిద్ర దక్కుతుందిలే అనుకున్నా. అమ్మకేం లోటు కాలేదుగా, వానలు పడేదాకా బతికే ఉంది."

"మరి నింద అక్క మీద వేశారేంటి?"

"ఎవరో ఒకరి మీద పడేదే కదా. దానికి మొగుడా, పిల్లలా, కొత్తగా పోయే పరువేముంది? నువ్వు వైరు లాగేసి గోడ పూయించు. కాదంటే రేపట్నుంచి ఇంకోడొస్తాడు."

ఇంకోడు కాదు, వాడి తాత రానీ! కరెంటు పనివాడి కాళ్ళు అప్పటికే వంటింటి వైపు పోతున్నాయి. ఎవరి జీవితంలోనైనా ఇలాంటి మాట మోసుకెళ్ళే అదృష్టం ఒక్కసారే వస్తుందనిపించింది అతనికి. ఆవిడ తొట్టి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. పక్కన గొంతుక్కూర్చుని గబగబా చెప్పేశాడు, డబ్బా సంగతీ, తెంపిన వైరూ, టేపూ.

"తెల్ల టేపా?" అంది ఆవిడ. "అమ్మ వీపు మీద పుళ్ళకు తెప్పించేదాన్ని. నా డబ్బాలోదే అయ్యుంటుంది." తర్వాత భయం భయంగా అడిగింది. "అయితే ఆ రాత్రి బెల్లు మోగలేదా తమ్ముడూ? నేను వినక కాదా?"

"మోగితేగా వినడానికి! మీ తప్పు ఆవగింజంత లేదక్కా."

ఆవిడ మొహం విప్పారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చిన్న వయసా ఈవిడది అనిపించింది అతనికి. అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! ఊరుకుంటే అతనెందుకవుతాడు? ఇంకా గట్టి సాక్ష్యం చూపిద్దామని నోరు జారాడు.

"ఆ ఒక్క రాత్రే కాదక్కా. ఆ ముందు చలికాలంలోనే తెంపేశాడట మహానుభావుడు. తన నోటితో తనే ఒప్పుకున్నాడు."

"చలికాలమా?"

చేతిలో గిన్నె తొట్టిలోకి జారింది. ఆవిడ దాన్ని తీయలేదు.

"చలికాలంలోనే అమ్మ రాత్రిళ్ళు పిలవడం మానేసింది. పగలంతా పక్కనే ఉండి చేస్తున్నాను, రాత్రైనా పడుకోనిద్దామని నా మీద జాలిపడిందనుకున్నా తమ్ముడూ. మా అమ్మ బంగారమని ఇంటింటికీ చెప్పుకున్నా." ఆవిడ తడి చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. "తర్వాత్తర్వాత నేను గదిలోకి వెళ్తే చాలు, మొహం గోడవైపు తిప్పేసేది. చెంచా నోటి దగ్గర పెడితే ఎడమచేత్తో తోసేసేది. జబ్బు ముదిరి మనిషిని గుర్తుపట్టడం లేదన్నాడు డాక్టరు. నేనూ అదే నమ్మా."

కరెంటు పనివాడికి తనేం చెప్పాడో అప్పుడర్థమైంది. నాలుక పీక్కుందామనిపించింది.

"గుర్తుపట్టే తిప్పుకుంది," అంది ఆవిడ. "రాత్రంతా పిలిస్తే రాని కూతురు, తెల్లారాక ఏమీ ఎరగనట్టు తినిపించడానికి వస్తే ఏ తల్లి నోరు తెరుస్తుంది?"

"అక్కా, అందులో మీరు చేసిందేముంది... ఇదంతా మీ అన్నయ్య..."

"అన్నయ్యనేమంటావో అను. నలుగురిలో నిలబెట్టు. అమ్మకెవరు చెబుతారు?" ఆవిడ ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే అతనికి కాస్త ఊపిరి ఆడేది. "లోకమంతా ఏమనుకున్నా, అమ్మ మాత్రం నా మీద ప్రేమతోనే పోయిందన్న ఒక్క నమ్మకం మీద బతికాను. అది కూడా ఈ రోజు నువ్వొచ్చి తీసేసుకున్నావు."

నడవాలోంచి ఇంటాయన గొంతు వినిపించింది. "ఏమయ్యా, ఆ గోడ పూస్తున్నారా లేదా?"

కరెంటు పనివాడు లేచాడు. ఆవిడ తొట్టిలోకి చెయ్యి పెట్టి గిన్నె తీసింది, మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"పూసేస్తున్నారన్నయ్యా!" అని తనే గట్టిగా బదులిచ్చింది. తర్వాత అతని వైపు చూడకుండానే, "వెళ్ళు తమ్ముడూ, గట్టిగా పూయించు," అంది.