రిబ్బను కట్టిన తుంగ

జనవరి ముప్పై. ఆ ఉదయం తార్నాకలో ఇడ్లీ తిన్నాను. బండి మీదామె అడగకుండానే అల్లం పచ్చడి రెండోసారి వేసింది. భార్య పోయిన మనిషికి ఇలాంటివి తేదీతో సహా గుర్తుంటాయి.

అక్కడి నుంచి రోజూలాగే క్యాంపస్ కుంటకు నడిచాను. తుంగ దాదాపు అంతా మాయమైంది. ఫిబ్రవరి రెండు చిత్తడి నేలల దినోత్సవం. ఎప్పుడో ఇరాన్‌లో కొన్ని దేశాలు కూర్చుని, నీటిపక్షులు బతికే చోట్లను కాపాడతామని ఒప్పందం చేసుకున్న రోజు. దాని మీద మా యూనివర్సిటీలో అంతర్జాతీయ సదస్సు. ముఖ్య అతిథి ఒక విదేశీ పక్షి శాస్త్రవేత్త. ఆవిడకు కుంట శుభ్రంగా కనపడాలని జేసీబీతో తుంగ పీకిస్తున్నారు. నీళ్ళ మధ్య ఫౌంటెన్, ఒడ్డున రెండు సిమెంటు కొంగలు. నిజం కొంగలు ఎగిరిపోయాయి. సిమెంటువి క్రమశిక్షణ గలవి.

మూలన ఒక్క గుబురు మిగిలింది. అందులో బుడుబుంగ గూడు. పిడికెడంత నీటిపిట్ట, గూడు దిగేటప్పుడు ఎవరి కంటా పడకుండా గుడ్ల మీద నాచు కప్పి వెళుతుంది. జేసీబీకి కళ్ళుండవని దానికెవరూ చెప్పలేదు.

సదస్సు నడిపే శశిభూషణ్ నా పాత విద్యార్థి.

"గుడ్లున్నాయయ్యా. పిల్లలయ్యేదాకా ఆ మూల వదిలెయ్యి."

"మీరు చెబితే కాదంటానా సార్? కానీ అతిథి ఫొటోలో ఆ గడ్డి పడితే ఏం బాగుంటుంది?"

"ఇంతకీ సదస్సు దేని మీద?"

"పక్షుల ఆవాసాల పరిరక్షణ మీదండీ," అన్నాడు, నవ్వకుండా.

ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రారంభోత్సవం కానిదాన్ని ఇక్కడెవరూ ముట్టుకోరు. కొత్త లిఫ్టుకు రిబ్బను కత్తిరించేదాకా రెండేళ్ళు మెట్లెక్కాం.

"పోనీ, ఆఖరి గుబురు అతిథి చేతే పీకించు. శుద్ధి కార్యక్రమానికి ప్రారంభోత్సవం."

"అబ్బ! మీ బుర్రే బుర్ర సార్!"

పక్షులు తెలిసిన మనిషి గూడు చూసి ఆపకపోతుందా అని నా ఆశ. గుబురు చుట్టూ కర్రలు పాతి ఎర్ర రిబ్బను కట్టారు. జేసీబీ వెళ్ళిపోయింది.

అతిథి రాలేదు. విమానం రద్దయిందట. తెర మీద కనిపించి, చూడని కుంటను ఎంతో మెచ్చుకుంది.

"మరి రిబ్బను?" అని ఫౌంటెన్ మోటరు నడిపే పరశురాంను అడిగాను.

"మంత్రిగారిని పిలుస్తరంట సార్. ఆయన డేటిచ్చేదాంక ఎవ్వరు ముట్టొద్దన్నరు."

మంత్రులు తొందరపడరు. అదీ ఒక దయే. కానీ ప్రతి సాయంత్రం ఫౌంటెన్ లేచినప్పుడల్లా అలలకు గూడు ఊగేది, పిట్ట గుడ్లు వదిలి పోయేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే గుడ్లు చల్లబడిపోతాయి.

"పరశురాం, ఈ ఫౌంటెన్ చూడ్డానికి ఎవరొస్తున్నారు?"

"మీరొక్కరే సార్."

"నాకు నచ్చలేదయ్యా."

అతను గుబురు వైపు చూశాడు. "గట్లనా? పబ్లిక్‌కే నచ్చకుంటె ఇగ కరెంటు దండుగ."

మోటరు ఆగింది. లైట్లు ఆరాయి. కాసేపటికి పిట్ట తిరిగి వచ్చి, ముక్కుతో నాచు పక్కకు తీసి, గుడ్ల మీద కూర్చుంది. మోటరు గది ఇనుప తలుపు మామూలుగా దడాలున మూసే మనిషి, ఆ పూట రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.