రొట్టె చేప

రైన్ నదిలో సాల్మన్ చేప కనబడక ఆ ఊళ్ళో మూడు తరాలు దాటింది. అయినా ఏటా వసంతంలో మొదటి సాల్మన్‌ని పెద్ద చర్చికి సమర్పించే బాధ్యత జాలర్ల సంఘానిదే. రాజులు పోయారు, సైన్యాలు వచ్చి ఊరు తగలబెట్టి పోయాయి. ఆనవాయితీ మాత్రం పోలేదు. అందుకని సంఘంవాళ్ళు పిండితో చేపని చేసి, కాల్చి, ఊరేగింపుగా పట్టుకెళతారు. సంఘంలో ఇప్పుడు పదకొండు మంది. గాలం వెయ్యడం వచ్చినవాడు ఒక్కడే, వాడికీ నీళ్ళంటే భయం.

చేపని అందుకునే ఫాదర్ గుమ్మంలోనే దానికి వంక పెట్టాలి. అదీ ఆనవాయితీయే. ఇందుకు ఆ ఊరివాళ్ళకి ప్రత్యేకంగా సాధన అక్కర్లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ చేపని వాల్‌బుర్గా చేసింది. ఊరేగింపుకి వెళ్ళేది కాదు. భర్త ఇంటికి రాగానే "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడిగి, ఆ వంకని వారం రోజులు తలుచుకు నవ్వేది. నవంబరులో పోయింది. ఈసారి చేపని ఆమె భర్త ఫోల్క్‌మార్, జనాన్ని నది దాటించే పంటు నడిపి రిటైరైనవాడు, తనే చేశాడు.

పొయ్యి ఇచ్చిన బేకరీ ట్రూడెల్ చేపని చూసి, "బాగుందన్నా," అంది మెత్తగా.

"ఒంట్లో బాగానే ఉందా నీకు? నలభై ఏళ్ళలో నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు."

నాలుగు నెలలుగా ఊరంతా అతనితో ఇలాగే, ఆస్పత్రిలో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. ఫాదర్ కూడా మెచ్చుకుంటే తను వాల్‌బుర్గాకి చెప్పడానికి ఏం మిగులుతుంది?

చర్చి గుమ్మంలో ఫాదర్ కిలియన్ చేపని చూశాడు. తోక మాడింది. ఒక ఎండుద్రాక్ష కన్ను కిందికి జారింది.

"ఫోల్క్‌మార్ గారూ..." అన్నాడు జాలిగా.

"వంక పెట్టండి ఫాదర్," అన్నాడు ఫోల్క్‌మార్.

ఫాదర్ అతని మొహం చూశాడు. చేపని తిరగేసి మరగేసి చూశాడు.

"ఏమయ్యా, దీన్ని నువ్వు పట్టావా, నదే వద్దని విసిరికొట్టిందా? ఒక కన్ను చర్చి మీద, రెండోది బీరు కొట్టు మీద! వాల్‌బుర్గా చూస్తే నీ చెవి మెలిపెట్టేది."

అందరూ బిగుసుకుపోయారు. నాలుగు నెలల్లో ఆ పేరు ఎవరూ పైకి అనలేదు.

"మీ ప్రసంగం మొదలైతే మా సంఘమంతా అలాగే చూస్తుంది ఫాదర్," అన్నాడు ఫోల్క్‌మార్.

ముందు నవ్వింది ట్రూడెల్. "పొయ్యిలో పెట్టకముందు ఇంకా ఘోరంగా ఉంది!"

బీరుకి రమ్మని పిలిచినా ఫోల్క్‌మార్ ఆగలేదు. ఫాదర్ పెట్టిన వంకని ఒక్క మాటా మర్చిపోకుండా గొణుక్కుంటూ సమాధుల తోట వైపు నడిచాడు.