మీటరమ్మ సంతకం

ల్యాప్‌టాప్‌లు తయారయ్యే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మీటరమ్మ అనేవారు. తొమ్మిదేళ్లుగా టెస్టింగ్ గదిలోనే పని. చేతిలో కరెంటు కొలిచే మీటరు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క మొగుడు. ఇప్పుడాయన ఉత్పత్తి విభాగానికి పెద్ద. ఫ్యాక్టరీలో సార్, ఇంట్లో బావ.

ఆ ఏడాది కొత్త మోడల్ డబ్బా మీద ఒక వాక్యం అచ్చువేశారు: "మూత మూస్తే మైకుకు కరెంటే అందదు." లాయర్లు, డాక్టర్లు, గుట్టుగా మాట్లాడుకోవాల్సినవాళ్లు ఆ ఒక్క మాట చూసి ముందే ఆర్డర్లు పెట్టారు. నమూనాల వరకు అది నిజమే. మూతలో చిన్న అయస్కాంతం, బోర్డు మీద దాన్ని పసిగట్టే స్విచ్చు. మూత పడగానే ఆ స్విచ్చు మైకుకు వెళ్లే కరెంటును తెంచేసేది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్ ఎంత బతిమాలినా మైకు వినలేదు.

అసలు సరుకు మొదటి విడత వచ్చిన రోజు మీటరమ్మ ఒక యంత్రం అడుగు పలక విప్పి, మూత మూసి, మైకు దగ్గర మీటరు పెట్టింది. సున్నా రావాలి. ఒకటి పాయింట్ ఎనిమిది వోల్టులు చూపించింది. ఇంకో నాలుగు విప్పింది. అన్నీ అంతే. స్విచ్చు ఉండాల్సిన చోట బోర్డు బోసిగా ఉంది. ఆ భాగం రావడం ఆలస్యమవుతోందని, మూత పడినప్పుడు మైకును ఆపే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి చేతులు దులుపుకున్నారు.

ఆమె వెళ్లి చెబితే బావ కోప్పడలేదు. కూర్చోమన్నాడు. మూత మూసి రికార్డు చేస్తే ఫైలులో నిశ్శబ్దమే కదా, ఇంకేం కావాలన్నాడు. ఎల్లుండి లారీలు వస్తాయి, సంతకం పెట్టేయమన్నాడు. ఆమె లేచి వెళ్లి, మధ్యాహ్నం దాకా కూర్చుని, ఆ సాఫ్ట్‌వేర్ అడ్డును దాటే ఒక ప్రోగ్రామ్ రాసింది. దాన్ని ఎక్కించిన ల్యాప్‌టాప్‌ను మూత మూసి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టి, మూత తెరిచి వినిపించింది. ఏడుకూ ఎనిమిదికీ మధ్య బావ దగ్గు కూడా స్పష్టంగా ఉంది. అప్పటికి గుమ్మం దగ్గర నలుగురు పోగయ్యారు.

"ఇలాంటివి పనిగట్టుకుని ఎవరు రాస్తారమ్మా?" అన్నాడాయన.

"నేను రాశాను కదా సార్, పన్నెండు వరుసలు. దొంగకు నాపాటి తెలివి ఉండదా?"

"నిన్ను ఇక్కడికి తెచ్చింది ఎవరో మర్చిపోకు."

"మర్చిపోలేదు. కానీ గడియ పెట్టామని చెప్పి, తలుపు మీద ‘లోపలికి రావద్దు’ అని కాగితం అంటించాం. దానికి నేను సంతకం పెట్టను."

కిందికి వచ్చి టెస్టు కాగితంలో ఐదు అంకెలూ వేసి, ‘ఫెయిల్’ అని రాసి, ఆ మాట కింద సంతకం పెట్టింది. ఆ కాగితాలకు వరుస నంబర్లుంటాయి. ఒకటి చింపితే ఇట్టే తెలిసిపోతుంది.

సాయంత్రం అక్క వచ్చింది. ఇంటి మనిషివై ఉండి ఆయన పరువు బజారున పడేస్తావా అని ఏడ్చింది. మీటరమ్మకూ కళ్లు చెమర్చాయి, కానీ మెత్తబడలేదు.

"మన మాట నమ్మి కొంటారక్కా. మొగుడికి భయపడి లాయరు దగ్గరికి వెళ్లిన ఆడమనిషి, మూత మూసి ఉందిలే అని నోరు విప్పుతుంది. ఆ మాటలు ఇంకెవడో వింటే?"

అక్క చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మీటరమ్మను ప్యాకింగ్‌కు మార్చి, టెస్టింగ్ పనిని అదే గదిలో పనిచేసే ఒక పెద్దాయనకు అప్పగించారు. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి, జన్మలో ఎవరికీ కాదని చెప్పి ఎరుగడు. ఆయన సంతకం పెట్టేస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన వేరే ఐదు యంత్రాలు విప్పాడు, తీరిగ్గా కొలిచాడు, అవే అంకెలు రాసి ఆమె సంతకం కిందే తన సంతకమూ పెట్టాడు. ఇదేమిటని అడిగితే, కనిపించింది రాశాను బాబూ, కళ్లజోడు మొన్ననే మార్చాను అన్నాడట.

రెండు సంతకాలు పడ్డాక విషయం యజమానురాలి దాకా వెళ్లింది. ఆవిడ ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని కిందికి దిగి వచ్చి, ఈ రెండింట్లో ఏది అబద్ధమని అడిగింది. లారీలు ఖాళీగా వెనక్కి వెళ్లాయి. మూడు వారాలకు స్విచ్చులు వచ్చాక ప్రతి యంత్రాన్నీ మళ్లీ విప్పి వాటిని అతికించారు.

బావకు గట్టిగానే చీవాట్లు పడ్డాయి. క్షమాపణ చెబితే పాత గదికి తీసుకుంటానని అక్కతో కబురు పంపాడు. ఆదివారం మీటరమ్మ వాళ్లింటికి వెళ్లింది.

"నలుగురి ముందూ మీకు ఎదురు చెప్పినందుకు క్షమించండి బావా. కాగితం మీద రాసినదానికి మాత్రం క్షమాపణ చెప్పను."

ఆయన తలెత్తలేదు. అక్క మాత్రం మూడో కంచం తెచ్చి పెట్టింది.

ఆ ఏడాదంతా ఆమె ప్యాకింగ్‌లోనే ఉంది. టెస్టింగ్ కుర్రాళ్లకు అనుమానం వస్తే బోర్డు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. బావ అద్దాల గదిలోంచి చూస్తున్నా సరే, ఆమె టేపు పక్కన పెట్టి, వాళ్లకు అన్నీ విడమరిచి చెప్పేది.