నలభై నిమిషాల సంతకం

పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చుని కూర్చుని ఎర్మెలిందా నడుము పట్టేసింది. రొసారియో నగరంలోని ఆ సర్కారు ఆసుపత్రిలో, పిచ్చికి మందిచ్చే డాక్టరు గది ముందు కొత్త బోర్డు వేలాడుతోంది: "ఇక్కడ మాతే తాగరాదు." ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం, బెంచీ పొడవునా చేతులు మారే ఆ వేడి ఆకు కషాయం లేనిదే అక్కడ ఎవరికీ పొద్దు గడవదు.

"ఎంగిలంట. క్రిములంట," పక్కనున్న ముసలి రువినో గొణిగాడు.

"మనల్నేలే తాతా ఆ మాట అనేది," అంది ఎర్మెలిందా.

పాత డాక్టరమ్మ సుల్మా అలా కాదు. తనే బయటికొచ్చి బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేది. తన వంతు రాగానే అదే గొట్టంతో తాగేది. బుర్ర అందించే చేతుల్ని చూసేది. "ఏమే, ఇంత వణుకా? ఈ మందు నీకెక్కువైంది" అని మోతాదు తగ్గించేది. రోగి కోరేది ఇంతే కదా, తన వంక చూసే మనిషి. ఆవిడ రిటైరై ఏడు నెలలైంది.

ఎర్మెలిందా చేతులు మళ్లీ వణుకుతున్నాయి. చొక్కాలు కుట్టే చోట సూది రెండుసార్లు వేలిలో దిగింది. ఇంకోసారి బట్ట మీద రక్తం పడితే పనికి రావద్దన్నాడు మేస్త్రీ.

ఆమె వంతొచ్చి లోపలికెళ్లేసరికి కొత్త డాక్టర్ బస్తెరికా కంప్యూటర్ వైపే చూస్తున్నాడు.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది బాబూ. చేతులే..."

"గొంతులు వినపడుతున్నాయా?"

"లేదు. చేతులు వణికి కుట్టు పని..."

"వణుక్కి ఇంకో బిళ్ల రాస్తా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. తల తిప్పకుండానే ఒక కాగితం నెట్టాడు. ఆమె వేళ్లు తగిలిన బల్ల అంచుని దూదితో తుడిచాడు. ఛీ, ఏం మనిషి అనుకుంది. పన్నెండేళ్లుగా జబ్బుతో బతుకుతోంది గానీ, తను మురికని ఇంత నెమ్మదిగా ఎవరూ చెప్పలేదు.

కాగితం మీద ఇలా ఉంది: "డాక్టరు నలభై నిమిషాలు నా మాట శ్రద్ధగా విన్నారు." గోడ గడియారం చూసింది. తను లోపలికొచ్చి నాలుగు నిమిషాలైంది.

"ఇది అబద్ధం కదండీ."

"అందరూ పెడుతున్నారు. సంతకం లేకపోతే మందుల చీటీ రాదు. ఆపైన నీ ఇష్టం."

మందు లేకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కిందటిసారి ఆమెను వంతెన మీంచి పట్టి తెచ్చారు. పెన్ను తీసుకుంది. అది వేళ్లలో నిలవక బల్ల మీద పడి దొర్లింది. మళ్లీ తియ్యలేదు.

వణికే చేతిని అలాగే కాగితం మీద పెట్టింది.

"ముందు దీన్ని చూడండి. తర్వాత రాయండి."

"బయట ఇంకా పదిహేనుమంది ఉన్నారమ్మా."

"ఉన్నారు. వాళ్లకీ చేతులున్నాయి."

డాక్టరు గడియారం వంక చూశాడు. ఆమె లేవలేదు. అరచేతి కింద కాగితం రెపరెపలాడుతూనే ఉంది.